చట్టం ఒప్పుకోని సరుకు: టీవీ షో ఫార్మాట్ల అంతర్జాతీయ వ్యాపారం

హ్యూయీ గ్రీన్ బ్రిటిష్ టెలివిజన్‌లో ఒకప్పుడు పేరుమోసిన వ్యాఖ్యాత. ఔత్సాహిక కళాకారులు పోటీపడే 'ఆపర్చునిటీ నాక్స్' అనే కార్యక్రమాన్ని ఆయన ఏళ్ల తరబడి నడిపారు. 1970లలో న్యూజిలాండ్ ప్రసార సంస్థ ఆయన అనుమతి తీసుకోకుండా అదే పేరుతో, అదే ధోరణిలో ఒక కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. పోటీదారులను వేదిక మీదికి పిలిచేటప్పుడు గ్రీన్ వాడే ఊతపదాలే అందులోనూ వినిపించాయి; ప్రేక్షకుల చప్పట్ల హోరును కొలిచి చూపే 'క్లాపోమీటర్' కూడా అందులో కనిపించింది. గ్రీన్ దావా వేసి, న్యూజిలాండ్ కోర్టుల్లో ఓడి, అప్పట్లో ఆ దేశానికి తుది న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. 1989లో అక్కడా ఓడిపోయారు. కాపీరైట్ అనేది గుత్తహక్కు కనుక అది దేనికి వర్తిస్తుందో కచ్చితంగా తెలియాలనీ, ప్రతిసారీ కొత్త మనుషులతో కొత్తగా సాగే కార్యక్రమంలో మారకుండా మిగిలే నాలుగు ముక్కలను ఏరి తీసి వాటిని ఒక నాటక రచన అనలేమనీ ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పు వెలువడిన పదకొండేళ్లకు, 2000లో, స్పెయిన్ టెలికాం సంస్థ టెలిఫోనికా నెదర్లాండ్స్‌కు చెందిన ఎండెమోల్ అనే నిర్మాణ సంస్థను దాదాపు 550 కోట్ల యూరోల విలువకు కొనుగోలు చేసింది. అపరిచితులను ఒక ఇంట్లో ఉంచి, రాత్రింబవళ్లు కెమెరాలతో గమనించి, ఒక్కొక్కరినే బయటికి పంపే 'బిగ్ బ్రదర్' అప్పటికే ఎండెమోల్ చేతిలో ఉంది. అలాంటి షోలను దేశదేశాలకూ అమ్ముకోగలగడమే ఆ సంస్థ అసలు బలం. ఇందులో ఒకరి సొంతమని చెప్పుకోవడానికి ఏమీ లేదని న్యాయమూర్తులు తేల్చిన వస్తువుకు మార్కెట్ అంత వెల కట్టింది. చట్టం రక్షణ ఇవ్వకపోవడం ఈ వ్యాపారాన్ని ఆపలేదు సరికదా, ఈ వ్యాపారం ఏ రూపంలో ఎదగాలో నిర్ణయించింది అదేనని నా అభిప్రాయం. ఆలోచనను దాచిపెట్టే వీలు లేదని తెలిసినవారు, చూసి నేర్చుకోవడం కుదరని మరో సరుకును తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు.

తెర మీద కనిపించేది, కనిపించనిది

ఒక షో ప్రతి భాగంలోనూ మారేవి కొన్ని, మారనివి కొన్ని ఉంటాయి. పోటీదారులు, ప్రశ్నలు, పాటలు, ఎవరు గెలిచారన్నది మారతాయి. నియమాలు, క్రమం, ఉత్కంఠ ఎక్కడ పెరగాలన్న లెక్క, సెట్టు, సంగీతం, వ్యాఖ్యాత పలికే స్థిరమైన మాటలు మారవు. ఈ మారని చట్రాన్నే ఫార్మాట్ అంటారు. పూర్తయిన కార్యక్రమాన్ని అమ్మితే కొనుగోలుదారుకు దక్కేది ప్రసారం చేసుకునే హక్కు. ఫార్మాట్‌ను అమ్మితే దక్కేది అదే కార్యక్రమాన్ని తన మనుషులతో, తన భాషలో మళ్లీ తయారు చేసుకునే హక్కు.

1998 సెప్టెంబరులో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'ను తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, మూడు లైఫ్‌లైన్లు, ఎప్పుడైనా ఆట విడిచిపెట్టి గెలిచిన డబ్బుతో వెళ్లిపోయే వీలు: ఇంతవరకు ఒక్క భాగం చూసిన ఎవరైనా రాసుకోగలరు. ప్రశ్న మారినప్పుడల్లా నేపథ్య సంగీతపు శ్రుతి ఒక మెట్టు పైకి జరుగుతుందని మాత్రం చాలామంది గమనించరు. గమనించకుండానే దాని ఒత్తిడికి లోనవుతారు. ప్రశ్నల కష్టాన్ని ఎలా అంచనా వేయాలి, ఎలాంటి పోటీదారులను ఏ పద్ధతిలో ఎంపిక చేయాలి, దీపాలు ఏ క్షణంలో కిందికి వాలాలి, జవాబుకీ ఫలితానికీ నడుమ వ్యాఖ్యాత ఎంతసేపు మౌనంగా ఉండాలి అన్నవి తెర మీద చదవగలిగే సంగతులు కావు. ఆ షోను రూపొందించిన సెలడార్ సంస్థ సెట్టు, వెలుతురు, సంగీతం ఏ దేశంలోనైనా ఒకేలా ఉండాలని పట్టుబట్టింది. 2000 జులైలో హిందీలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైనప్పుడు లండన్ సెట్టు చూసినవారికి అది పరిచయమైన గదిలా తోచడానికి కారణం ఆ పట్టుదలే.

ఈ కనిపించని జ్ఞానమంతా ఒక పత్రంలో పొందుపరుస్తారు. పరిశ్రమలో దాన్ని 'బైబిల్' అని పిలుస్తారు. కెమెరాల అమరిక, సెట్టు కొలతలు, బడ్జెట్ నమూనా, చిత్రీకరణ షెడ్యూలు, ఎంపిక పరీక్షల విధానం, ఇతర దేశాల్లో వచ్చిన రేటింగుల వివరాలు అందులో ఉంటాయి. వీటన్నిటికన్నా విలువైనది, ఏ దేశంలో ఏ మార్పు చేస్తే ఏం దెబ్బతిన్నదో చెప్పే భాగమని నాకనిపిస్తుంది. దానికి తోడు, మూల షోలో పనిచేసిన అనుభవజ్ఞుడొకరు విమానమెక్కి వచ్చి, కొత్త బృందం పక్కన కొన్ని వారాలు కూర్చుంటాడు. అతన్ని 'ఫ్లయింగ్ ప్రొడ్యూసర్' అంటారు. కాబట్టి లైసెన్సు కొంటున్న ఛానెల్ నిజానికి కొంటున్నది ఆలోచనను కాదు. మరొకరు తమ డబ్బుతో ముందే చేసిన పొరపాట్లను కొంటోంది. చూసి అనుకరించే వాడికి చివరికి నిలిచినదే కనిపిస్తుంది, దానికి ముందు కొట్టివేసినవి కనిపించవు.

ఛానెల్ వైపు నుంచి చూస్తే ఇది ఒక రకమైన బీమా. కొత్తగా మొదలయ్యే షోలలో ఎక్కువ భాగం నిలవవు. ప్రైమ్‌టైమ్‌లో ఒక షో విఫలమైతే నిర్మాణ వ్యయంతో పాటు ప్రకటనల ఆదాయమూ పోతుంది, దాన్ని ఎంపిక చేసిన అధికారి ఉద్యోగానికీ ముప్పు వస్తుంది. పది దేశాల్లో నిలిచిన షోను ఎంచుకున్న అధికారికి, అది దెబ్బతిన్నా, చూపించుకోవడానికి ఒక కారణం మిగులుతుంది. కాగితం మీద మాత్రమే ఉన్న ఫార్మాట్‌కు గిరాకీ అంతంతమాత్రంగానే ఉండటానికి, ఒక్క దేశంలోనైనా ప్రసారమై మంచి రేటింగు తెచ్చుకున్నదానికి ఒక్కసారిగా బేరాలు రావడానికి కారణం ఇదే.

ఈ బీమా అన్నివేళలా ఆదుకోదు. ఇజ్రాయెల్‌కు చెందిన కెషెట్ సంస్థ 2013లో మొదలుపెట్టిన ఒక పాటల పోటీ షో ఇందుకు మంచి ఉదాహరణ. ప్రేక్షకులు ఫోన్ యాప్ ద్వారా అప్పటికప్పుడు ఓటు వేస్తే గాయకుడి ముందున్న తెర పైకి లేచే ఆ షో స్వదేశంలో సంచలనం సృష్టించింది; 'రైజింగ్ స్టార్' పేరుతో కొద్ది నెలల్లోనే అనేక దేశాలు దాన్ని కొనేశాయి. అమెరికాలో 2014 వేసవిలో ఏబీసీలో వచ్చి ఒక్క సీజన్‌తో ముగిసిపోయింది. దేశమంతా ఒకే గడియారం నడిచే చిన్న దేశంలో ప్రత్యక్ష ఓటింగు ఇచ్చే ఉత్సాహం, తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మూడు గంటల తేడా ఉన్న దేశంలో దక్కదు.

రెండు కోర్టుల మధ్య ఒక ద్వీపం

చట్టం ఫార్మాట్లను పూర్తిగా గాలికి వదిలేసిందనడం కూడా సరికాదు. ఒక్కో దేశంలో ఒక్కో జవాబు వస్తోంది, ఒక దేశంలోనే కాలాన్ని బట్టి జవాబు మారుతోంది.

ఇందులో ఎక్కువగా ఉదహరించేది 'సర్వైవర్' యజమానులకూ 'బిగ్ బ్రదర్' యజమానులకూ నడిచిన వ్యాజ్యం. కొందరిని ద్వీపంలో వదిలేసి, వారిలో వారే ఓటు వేసుకుని ఒక్కొక్కరినీ తొలగించుకునే 'సర్వైవర్' ఆలోచన బ్రిటిష్ నిర్మాత చార్లీ పార్సన్స్‌ది. అది మొట్టమొదట తెరకెక్కింది మాత్రం 1997లో స్వీడన్‌లో, 'ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్' పేరుతో. 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' మొదలుకాగానే, ద్వీపానికి బదులు ఇల్లు పెట్టి మా షోనే ఎత్తుకుపోయారంటూ పార్సన్స్ భాగస్వామిగా ఉన్న కాస్ట్‌అవే సంస్థ డచ్ కోర్టులకెక్కింది. కోర్టులు ఆసక్తికరమైన మధ్యేమార్గం పట్టాయి. ఫార్మాట్‌లోని అంశాలు విడివిడిగా ఎవరి సొత్తూ కాకపోయినా వాటి ప్రత్యేకమైన కూర్పుకు కాపీరైట్ ఉండవచ్చని ఒప్పుకున్నాయి. అన్ని అంశాలనూ తీసుకుంటే ఉల్లంఘనే, ఒక్కటే తీసుకుంటే కాదు, ఈ రెండింటి మధ్య ఎన్ని తీసుకుంటే తప్పో ముందుగా చెప్పలేమని అప్పీలు కోర్టు అంది. తమ ముందున్న కేసులో మాత్రం ఉల్లంఘన లేదని తేల్చింది. 2004లో డచ్ సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

అదే 'సర్వైవర్' అమెరికా ప్రసారకర్త సీబీఎస్, ప్రముఖులను అడవిలో ఉంచే 'ఐ యామ్ ఎ సెలబ్రిటీ' షోను అడ్డుకోవాలని ఏబీసీ మీద వేసిన పిటిషన్‌ను న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి 2003 జనవరిలో తోసిపుచ్చారు. తీర్పు ప్రకారం ఒకటి గంభీరంగా సాగుతుంది, మరొకటి హాస్యంగా సాగుతుంది. పైగా టెలివిజన్ షోలన్నీ తమకన్నా ముందువాటి నుంచి అంశాలను తీసుకుని కలుపుకుంటూ వచ్చినవే. ఇందుకు భిన్నంగా, బ్రెజిల్ కోర్టులు 'బిగ్ బ్రదర్' లైసెన్సుదారు గ్లోబో పక్షాన నిలిచి, దాన్ని పోలిన 'కాసా డోస్ ఆర్టిస్టాస్' షోను తప్పుపట్టాయి. ఆ కేసులో ఎస్‌బీటీ ఛానెల్ ఎండెమోల్‌తో ముందు చర్చలు జరిపి, లోపలి సమాచారం తెలుసుకుని, ఆ తర్వాతే సొంత షో మొదలుపెట్టడం తీర్పును ప్రభావితం చేసింది. ఇక ఇంగ్లండ్‌లో 2017లో వచ్చిన ఒక హైకోర్టు తీర్పు, స్పష్టమైన ప్రత్యేక లక్షణాలు ఒక పొందికైన చట్రంలో మళ్లీ మళ్లీ అమలయ్యేలా ఉంటే ఫార్మాట్‌కు సూత్రప్రాయంగా రక్షణ సాధ్యమేనని అంగీకరించింది. కోర్టుకెక్కిన ఫార్మాట్ మాత్రం ఆ కొలతకు అందలేదు. హ్యూయీ గ్రీన్ నుంచి చూస్తే తలుపు కొద్దిగా తెరుచుకుంది గానీ, లోపలికి ఎవరూ అడుగుపెట్టలేదు.

కాపీరైట్ దక్కకపోయినా పేరుకు, చిహ్నానికి ట్రేడ్‌మార్క్ దక్కుతుంది. సంగీతానికి, గ్రాఫిక్సుకు, ఫార్మాట్ బైబిల్ పత్రానికి కాపీరైట్ దక్కుతుంది. నమ్మకంతో చెప్పిన రహస్యాన్ని వాడుకుంటే దావా వేయడానికి అదొక కారణం. ఈ చిన్న చిన్న హక్కులను పేర్చి కట్టిన గోడ కాపీ కొట్టడాన్ని ఆపలేదు గానీ, దాన్ని ఇబ్బందికరంగా మార్చగలదు. చైనాలో ఇది బాగా కనిపించింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన 'ద వాయిస్' ఆధారంగా 2012 నుంచి అక్కడ నడిచిన షో విపరీతమైన ఆదరణ పొందింది. లైసెన్సు పునరుద్ధరణ దగ్గర బేరం చెడి, ఆ ఫార్మాట్ యజమాని అయిన టాల్పా సంస్థ 2016లో హక్కులను మరో చైనా సంస్థకు ఇచ్చింది. పాత నిర్మాతలు షో ఆపలేదు. బీజింగ్ కోర్టు ఉత్తర్వుతో పేరునూ చిహ్నాలనూ వదులుకుని, ఇంగ్లిషులో 'సింగ్! చైనా' అని పిలిచే కొత్త పేరుతో, తిరిగే కుర్చీల స్థానంలో మరో ఏర్పాటుతో కొనసాగించారు.

అయితే ఈ వ్యాపారాన్ని నిలబెడుతున్న కట్టడి చాలావరకు కోర్టులకు బయటిది. ఏటా ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో జరిగే మిప్‌కామ్ వంటి సంతల్లో అమ్మేవారూ కొనేవారూ ముఖాముఖి కలుస్తారు. అదే మనుషులు మళ్లీ మళ్లీ ఎదురుపడతారు. ఈ ఏడాది ఒకరి షోను దొంగిలించిన ఛానెల్‌కు వచ్చే ఏడాది ఆ సంస్థ తయారుచేసే పెద్ద షో దక్కదు. 2000లో ఏర్పడిన ఫ్రాపా అనే పరిశ్రమ సంఘం ఫార్మాట్లను నమోదు చేస్తూ, తగాదాలను మధ్యవర్తిత్వంతో తీర్చే ప్రయత్నం చేస్తుంది. ఊళ్లో పరువు పోతుందన్న భయం లాంటిదే ఇది. చైనా ఉదంతం చూపినట్టు, కొనే మార్కెట్ తగినంత పెద్దదై, బయటి సరుకు అవసరం తగ్గినప్పుడు ఆ భయం పలచబడుతుంది.

నలుగురు అతిరథులు

ఫార్మాట్ల అమ్మకం కొత్తది కాదు. అమెరికాలో 1950లో సీబీఎస్‌లో మొదలైన 'వాట్స్ మై లైన్?' మరుసటి ఏడాదే బీబీసీలో బ్రిటిష్ రూపంలో వచ్చింది. 1953లో బాల్టిమోర్‌లో పుట్టిన 'రోంపర్ రూమ్' అనే పిల్లల కార్యక్రమాన్ని ఊరూరి స్టేషన్లకు అమ్మారు. ప్రతి ఊళ్లోనూ స్థానిక టీచరమ్మతో అదే తరగతి నడిచేది. ఆస్ట్రేలియాకు చెందిన రెగ్ గ్రండీ అమెరికా క్విజ్ షోల నమూనాలను సొంత దేశంలో నిర్మించి, ఆ తర్వాత ప్రపంచమంతటా స్థానిక నిర్మాణ సంస్థలు నెలకొల్పి, 1995లో తన సామ్రాజ్యాన్ని పియర్సన్ అనే బ్రిటిష్ సంస్థకు అమ్మేశారు. ఈ యాభై ఏళ్ల దశలో ఫార్మాట్లు ప్రధానంగా క్విజ్ షోలు. ప్రవాహం ప్రధానంగా అమెరికా నుంచి బయటికి.

1997 నుంచి 2001 మధ్య అయిదేళ్లలో వచ్చిన నాలుగు షోలు ఈ లెక్కను తిరగరాశాయి: 'సర్వైవర్', 'మిలియనీర్', 'బిగ్ బ్రదర్', పాటల పోటీ 'పాప్ ఐడల్'. నాలుగూ యూరప్‌లో రూపుదిద్దుకుని అమెరికా ప్రైమ్‌టైమ్‌ను గెలిచినవే. అదే సమయంలో ఛానెళ్ల సంఖ్య అనేక రెట్లు పెరిగి, కథా ధారావాహికల కన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ గంటలు నింపే కార్యక్రమాలు కావలసివచ్చాయి. ఫోన్ ఓట్లు, ఎస్సెమ్మెస్సులు ప్రకటనలకు తోడు కొత్త ఆదాయమార్గం చూపాయి. ఫ్రాపా లెక్క ప్రకారం 2006–2008 మధ్య మూడేళ్లలో 445 ఫార్మాట్లు సరిహద్దులు దాటాయి, వాటి ఆధారంగా జరిగిన నిర్మాణాల విలువ దాదాపు 930 కోట్ల యూరోలు.

అమ్మకందార్లలో బ్రిటన్ ముందు వరుసలో నిలవడం వెనుక ప్రతిభ కన్నా ఒక శాసనం పాత్ర ఎక్కువ. అంతకుముందు ఛానెల్ నిర్మాణ వ్యయమంతా భరించి, హక్కులన్నీ తన దగ్గరే పెట్టుకునేది. 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం, దాని వెంట వచ్చిన వాణిజ్య నిబంధనలు ఈ పద్ధతిని మార్చాయి: ఛానెల్ కొనేది నిర్ణీత కాలానికి స్వదేశంలో ప్రసార హక్కునే; మిగతా హక్కులు స్వతంత్ర నిర్మాతవే. విదేశాల్లో అమ్ముకోదగ్గ ఆస్తి చేతిలో ఉన్న నిర్మాత మొదటి రోజు నుంచీ విదేశాల్లో అమ్ముడుపోయే షోనే ఆలోచిస్తాడు. నెదర్లాండ్స్ దారి వేరు. సొంత భాషా మార్కెట్ చిన్నది కావడంతో, బయటికి అమ్మకపోతే అక్కడి నిర్మాతకు పెద్ద లాభం లేదు.

డబ్బు ఏ దారిలో ప్రవహిస్తుంది

ఆసక్తి ఉన్న ఛానెల్ ముందుగా కొద్ది మొత్తం చెల్లించి, కొన్ని నెలల పాటు మరొకరికి అమ్మకుండా ఆప్షన్ తీసుకుంటుంది. నిర్మాణానికి సిద్ధపడితే లైసెన్సు రుసుము కడుతుంది. సాధారణంగా అది ఒక్కో భాగం నిర్మాణ బడ్జెట్‌లో కొంత శాతంగా ఉంటుంది. ఏ భూభాగం, ఏ భాష, ఎన్ని భాగాలు, ఎంత కాలం అన్నవి ఒప్పందంలో రాసుకుంటారు. పాఠకుడు ప్రత్యేకంగా గమనించదగ్గ ఒక షరతు ఇందులో తరచుగా ఉంటుంది: స్థానిక బృందం ఏదైనా మంచి మార్పు కనిపెడితే దాని హక్కు మూల యజమానికే చెందుతుంది. ఒక దేశంలో పుట్టిన కొత్త మలుపు మరుసటి ఏడాది మరో ఇరవై దేశాల బైబిల్‌లోకి ఎక్కుతుంది. కొనుగోలుదారు డబ్బు కట్టి మరీ యజమాని సరుకును మెరుగుపరుస్తాడన్నమాట.

అయినా లైసెన్సు రుసుములో ఉన్న లాభం కన్నా షోను నిర్మించడంలో ఉన్న లాభం పెద్దది. కాబట్టి పెద్ద సంస్థలు ఫార్మాట్లను బయటివారికి అమ్మడం తగ్గించి, దేశదేశాన సొంత నిర్మాణ సంస్థలు పెట్టుకున్నాయి లేదా ఉన్నవాటిని కొనేశాయి. ఒకరినొకరు మింగుకుంటూ వచ్చిన క్రమం ఇప్పటికీ ఆగలేదు. ఐటీవీ 2015లో టాల్పాను ముందస్తుగా 50 కోట్ల యూరోలు ఇచ్చి కొనుక్కుంది. ఎండెమోల్ వారసురాలైన ఎండెమోల్ షైన్ సంస్థను ఫ్రాన్స్‌కు చెందిన బానిజే 2020లో సొంతం చేసుకుంది. అప్పటికే 'సర్వైవర్' హక్కులున్న కాస్ట్‌అవే కూడా బానిజే చేతిలోనే ఉంది. ఒకదాన్నొకటి కాపీ కొట్టిందా లేదా అని డచ్ సుప్రీంకోర్టు దాకా పోరాడిన రెండు షోలు ఇప్పుడు ఒకే యజమాని జాబితాలో పక్కపక్కన ఉన్నాయి. వ్యాజ్యంలో వేర్వేరని తేలిన వాటిని కొనుగోలు ఒప్పందం ఒక్కచోట చేర్చేసింది.

అమ్మేవాడూ నిర్మించేవాడూ ప్రసారం చేసేవాడూ ఒకే గొడుగు కిందికి వచ్చినప్పుడు లాభాన్ని ఎక్కడ చూపించాలన్నది గణకుల ఇష్టమవుతుంది. 'మిలియనీర్' అమెరికా కథ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 1999లో ఏబీసీలో ఆ షో ప్రభంజనంలా నడిచింది. అమెరికా లాభాల్లో సగం సెలడార్‌కు ఇవ్వాలన్నది ఒప్పందం. కానీ ఏబీసీ, షోను సమకూర్చిన బ్యూనా విస్టా రెండూ డిస్నీ సంస్థలే. ఏబీసీ బ్యూనా విస్టాకు చెల్లించే రుసుమును సరిగ్గా నిర్మాణ వ్యయానికి సమానంగా పెట్టుకోవడంతో, ఏబీసీకి ప్రకటనల డబ్బు కుప్పలు తెప్పలుగా వచ్చిపడుతున్నా, లెక్కల పుస్తకంలో షో లాభం సున్నా. సెలడార్ 2004లో దావా వేసింది. 2010లో కాలిఫోర్నియా జ్యూరీ దాదాపు 26.9 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. వడ్డీతో అది 31.9 కోట్లకు చేరింది. 2012లో అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. లాభంలో వాటా అడిగే బదులు రాబడిలో వాటా అడగాలన్న పాఠం ఆ తర్వాతి ఒప్పందాలు రాసిన న్యాయవాదులకు ఈ కేసు నేర్పింది.

యజమాని బలం ఎంతటిదో చెప్పే మరో ఉదంతం బ్రిటన్‌లోనే ఉంది. బీబీసీలో కేకుల పోటీ 'ద గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' దేశంలో అత్యధికులు చూసే షోల్లో ఒకటిగా ఎదిగింది. హక్కులు మాత్రం లవ్ ప్రొడక్షన్స్ అనే నిర్మాణ సంస్థవి. 2016లో కొత్త ఒప్పందం దగ్గర ధర కుదరక, ఆ సంస్థ షోను మూడేళ్లకు 7.5 కోట్ల పౌండ్లకు ఛానెల్ 4కు తీసుకెళ్లిపోయింది. తెర మీది నలుగురిలో ముగ్గురు కొత్త ఛానెల్‌కు వెళ్లలేదు. పందిరి, పోటీ క్రమం, ఒక్క న్యాయనిర్ణేత వెళ్లారు. అయినా అది ఛానెల్ 4కు అత్యంత ఆదరణ పొందిన షో అయింది. ప్రేక్షకుడి మమకారం మనుషుల మీద కన్నా చట్రం మీద ఎక్కువ ఉండవచ్చునని తేల్చిన ఈ ప్రయోగం, వ్యాఖ్యాతలకు అంత రుచించి ఉండదు.

పులి, డ్రాగన్, సొరచేప, సింహం

ఫార్మాట్ దేశం మారినప్పుడు ఎంత మారాలన్నది ప్రతిసారీ బేరమే. 2001లో జపాన్‌లోని నిప్పన్ టీవీలో, కొత్త వ్యాపారులు పెట్టుబడిదారుల ముందు నిలబడి డబ్బు అడిగే షో ఒకటి మొదలైంది. అందులోని పెట్టుబడిదారులు 'పులులు'. బ్రిటన్‌కు వచ్చేసరికి 2005లో అది 'డ్రాగన్స్ డెన్' అయింది, అమెరికాలో 2009లో 'షార్క్ ట్యాంక్' అయింది, జర్మనీలో సింహాల గుహ అయింది. జంతువు మారింది, మాటతీరు మారింది, డబ్బు ముందు ఒక మనిషి చెమటలు పట్టే ఆ క్షణం మాత్రం ఎక్కడా మారలేదు. ఏది మారినా ఫరవాలేదు, ఏది మారితే షో చచ్చిపోతుంది అన్నది గుర్తించడమే ఈ వృత్తిలో అసలు నేర్పు.

దానికి హద్దు ఉంది. అరబ్ ప్రేక్షకుల కోసం ఎంబీసీ 2004లో బహ్రెయిన్‌లో 'బిగ్ బ్రదర్' మొదలుపెట్టినప్పుడు స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు నిద్ర గదులు, ప్రార్థన గదులు ఏర్పాటు చేసింది. నిరసనలు చెలరేగి కొద్ది రోజులకే షో ఆగిపోయింది. అభ్యంతరం గదుల మీద కాదు, అపరిచితులైన స్త్రీపురుషులు ఒకే కప్పు కింద ఉండటం మీద; దాన్ని తీసేస్తే మిగిలేది 'బిగ్ బ్రదర్' కాదు.

ప్రవాహపు దిశ కూడా ఒకప్పటిలా లేదు. దక్షిణ కొరియాలోని ఎంబీసీ (పైన చెప్పిన అరబ్ ఎంబీసీ కాదు) 2015లో ప్రారంభించిన ముసుగు గాయకుల పోటీ థాయ్‌లాండ్ చేరింది. లాస్ ఏంజిలిస్‌లోని ఒక థాయ్ రెస్టారెంటు టీవీలో దాన్ని చూసిన నిర్మాత హక్కులు సంపాదించి, 2019లో ఫాక్స్ ఛానెల్‌కు 'ద మాస్క్‌డ్ సింగర్'ను అందించారు. కథా ధారావాహికల్లోనూ ఇదే జరిగింది: 1999 నాటి కొలంబియా ధారావాహిక 'యో సోయ్ బెట్టీ, లా ఫెయా' అమెరికాలో 'అగ్లీ బెట్టీ', హిందీలో 'జస్సీ జైసీ కోయీ నహీ' అయింది. కథా ఫార్మాట్లకు రాతప్రతి ఉంటుంది కనుక కాపీరైట్ గట్టిగా పట్టుకుంటుంది; అక్కడ బైబిల్ అవసరం తక్కువ, సంభాషణలను స్థానికం చేయగల రచయిత అవసరం ఎక్కువ.

ఖర్చు తగ్గించే ఉపాయాల్లో నాకు నచ్చినది ఉమ్మడి స్థావరం. ఫ్రాన్స్ తీరంలోని సముద్రపు కోట 'ఫోర్ బోయార్'లో 1990 నుంచి షో నడుస్తోంది. ఇతర దేశాల బృందాలు తమ పోటీదారులతో అక్కడికే వచ్చి చిత్రీకరించుకుని వెళ్తాయి. నీళ్లలో పడిపోయే అడ్డంకుల పరుగు 'వైపౌట్' కోసం అర్జెంటీనాలో ఒకే మైదానాన్ని అనేక దేశాలు వాడుకున్నాయి. 2021లో నెదర్లాండ్స్‌లో పుట్టిన 'ద ట్రెయిటర్స్' బ్రిటిష్, అమెరికన్ రూపాలు స్కాట్లండ్‌లోని ఒకే కోటలో తయారవుతున్నాయి. కొనుగోలుదారుకు ఫార్మాట్‌తో పాటు సెట్టు కూడా అద్దెకు దొరుకుతుంది.

స్ట్రీమింగ్ సంస్థల రాకతో లైసెన్సు అనే పద్ధతి పునాదే కదులుతోంది. ఒక దేశానికి ఒక ఛానెల్ అన్న విభజన మీద ఈ వ్యాపారం నిలిచింది. అన్ని దేశాల్లోనూ తానే ఉన్న సంస్థ ఎవరికి లైసెన్సు ఇవ్వాలి? అలాంటి సంస్థ సాధారణంగా నిర్మాణ వ్యయానికి పైన కొంత లాభం కలిపి ఒకేసారి చెల్లించి, హక్కులన్నీ ప్రపంచవ్యాప్తంగా తీసేసుకుంటుంది. 2003లో బ్రిటిష్ నిర్మాతలు తప్పించుకున్న పాత పద్ధతే మరింత పెద్ద పటం మీద తిరిగి వచ్చిందనవచ్చు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొరియన్ ధారావాహిక 'స్క్విడ్ గేమ్' ప్రపంచాన్ని ఊపేసిన తర్వాత, ఒప్పందంలో రాసుకున్న మొత్తమే తనకు దక్కిందని దాని సృష్టికర్త హ్వాంగ్ డాంగ్-హ్యూక్ చెప్పారు. 2023లో అదే నెట్‌ఫ్లిక్స్ 456 మంది పోటీదారులతో, 45.6 లక్షల డాలర్ల బహుమతితో దాన్ని బ్రిటన్‌లో నిజమైన పోటీ షోగా నిర్మించింది. మునుపటి కాలంలో అయితే ఆ మార్పిడికి ఒక సంస్థ మరో సంస్థకు రుసుము కట్టేది, దాన్ని చూసి వాటా అడిగేవారు ఉండేవారు. ఇప్పుడు హక్కు, నిర్మాణ నిర్ణయం, ప్రసారం ఒకే ఇంట్లో ఉన్నాయి. 'మిలియనీర్' కేసులో 2010లో కాలిఫోర్నియా జ్యూరీ తవ్వి తీయవలసి వచ్చిన ఆ లోపలి ధరను ఈసారి రాయవలసిన అవసరమే లేదు.